ఎడమచేతి పని

రాత్రి భోజనముల వేళకు వినిపించు ప్రసంగమునకు ఈ విషయము తగునా అని ఒక మిత్రుడు సందేహించినాడు. ఆ సందేహము కొత్తది కాదు. 1982వ సంవత్సరమున జపాను టెలివిజనులో, సరిగా కుటుంబములు భోజనమునకు కూర్చుండు వేళకు, ఒక ప్రకటన వెలువడినది. టోగావా జున్ అను నటి అరచేతికి రంగు పూసికొని, కాగితముతో తుడిచి, రంగు పూర్తిగా పోలేదని చూపినది. చేతికి మురికి అంటినచో నీటితో కడుగుకొందుము గదా, తక్కిన శరీరమునకు మాత్రము కాగితము చాలునా అని దాని భావము. అన్నము తినుచుండగా ఈ మాటలేమని టోటో కంపెనీ వారికి ఫోనుల మీద ఫోనులు వచ్చినవట. పిమ్మట కొనువారును అట్లే వచ్చినారు.

మనకు ఆ రంగు ప్రదర్శన అక్కరలేదు. చెంబు పట్టుకొని పెరటిలోనికి పోయిన తాతల నాటినుండి నీటి సంగతి మనకు తెలిసినదే. కాగితము వాడు దేశములకు నీటిని నేర్పిన యంత్రము, నీరు తెలిసిన మన ఇంటికి ఎందులకు? విద్యుత్తుతో పనిచేయు ఈ శౌచ పీఠములను గూర్చి ఎవరైన ముచ్చటించినప్పుడు నేనును ఇట్లే నవ్వి ఊరకుండెడివాడను. రెండేండ్ల క్రిందట ఆ నవ్వు మానవలసి వచ్చినది.

మా నాన్నగారు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. 82వ ఏట పక్షవాతము వచ్చి ఎడమకాలు బలహీనపడినది. ఎడమచేయి బొత్తుగా పడిపోయినది. ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చిన నాడు చూడవచ్చిన బంధువులందరిదియు ఒకటే మాట: "కుడిచేయి దక్కింది, అదృష్టవంతులు. తన చేత్తో తాను అన్నం తినగలరు, సంతకం పెట్టగలరు." నాన్నగారు తల ఊపినారేగాని ఏమియు పలుకలేదు. వారము దినములు గడచిన తరువాత అమ్మ నన్ను వంటింటిలోనికి పిలిచి మెల్లగా చెప్పినది: "మీ నాన్న సరిగ్గా తినటం లేదురా. కడుపునిండా తింటే పొద్దున్నే పోవలసి వస్తుందని ముద్దలు తగ్గించేస్తున్నారు."

కుడిచేయి అన్నము తిను చేయి. దానిని ఆ రెండవ పనికి వాడుటకు ఆయన మనసు ఒప్పదు. ఎనుబది ఏండ్ల అలవాటును వైద్యుడు మాన్పలేడు. ఎడమచేయి లేదు. అమ్మకు చేతులు వణకును. నేను కడుగుదునన్నచో ఆయన గోడవైపు తిరిగి కన్నులు మూసికొనెడివారు. ఇంటిలో తక్కిన అన్నిటికి సహాయము కోరుట ఆయన నేర్చుకొన్నారు; ఈ ఒక్కదానికి మాత్రము నేర్చుకొనలేదు.

ఈ పరికరము పుట్టుకలోను ఒక తండ్రి ఉన్నాడు. 1960 ప్రాంతములలో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లో ఆర్నాల్డ్ కోహెన్ అను ఆయన, రోగియైన తన తండ్రి కొరకు కమోడు సీటుకు నీటి గొట్టము అమర్చి, కాలితో త్రొక్కిన నీరు చిమ్మునట్లు ఒక సాధనము చేసినాడు. అమెరికాలో దానిని గూర్చి బాహాటముగా ప్రకటించుకొనుటయే కష్టమైనది. జపానులోని టోటో వారు 1964 ప్రాంతమున ఆ అమెరికా సీట్లను తెప్పించి, ముఖ్యముగా ఆసుపత్రులకు అమ్మినారు. 1967లో ఈనా సేతో కంపెనీ జపానులోనే వేడినీటి కమోడును తయారు చేసినది. ఆ తొలి యంత్రములలో నీటి వేడి నిలుకడగా ఉండెడిది కాదు. ఒకమారు చల్లన, ఒకమారు కాలిపోవునంత వేడి.

టోటో ఇంజనీర్లు దానిని చక్కబరచుటకు పూనుకొని, మొదట తెలియని విషయము ఒకటి తెలిసికొనవలసి వచ్చినది. మనిషి కూర్చున్నప్పుడు నీరు తగులవలసిన చోటు ఎక్కడ? ఏ శాస్త్ర గ్రంథమునను ఆ కొలత లేదు. తమ ఉద్యోగులనే అడిగినారు. సిగ్గుపడి చాలమంది మొదట ఒప్పుకొనలేదు. బ్రతిమాలి, స్త్రీ పురుషులు కలిసి మూడువందల మందికి పైగా కొలతలు సేకరించినారు. నీటి ధార 43 డిగ్రీల కోణమున రావలెననియు, నీటి వేడి 38 డిగ్రీలు ఉండవలెననియు అట్లు తేలినది. నీరును విద్యుత్తును ఒకేచోట పొత్తు కుదుర్చుట మరొక చిక్కు. వానలో తడియుచు వెలుగు వీధి కూడలి సిగ్నలు దీపమును చూచి, తడికి చెడని సర్క్యూటు అందులో ఉన్నది గదా అని ఒక ఇంజనీరుకు తోచినదట. జిగురుపూతతో కప్పిన అట్టి సర్క్యూటుతోనే 1980 జూనులో వాష్‌లెట్ వెలువడినది. ఇప్పుడు ఆ దేశమున ప్రతి పది ఇండ్లలో దాదాపు ఎనిమిదింట ఇట్టి సీటు ఉన్నది.

బిడే అను మాట అంతకంటె పాతది. ఫ్రెంచి భాషలో దానికి పొట్టి గుఱ్ఱము అని అర్థము. ఎక్కి కూర్చుండు తీరును బట్టి వచ్చినది. ఇటలీలో 1975నాటి ప్రభుత్వ నిబంధన ప్రకారము ప్రతి ఇంటి స్నానశాలలో ఒకటి ఉండి తీరవలెను. కాని అది వేరుగా నేలమీద నిలుచు తొట్టి. కమోడునుండి లేచి దానిమీదికి మారవలెను. కాలు సరిగా లేనివారికి అది పనికిరాదు.

ఇక ఎంపిక సంగతి. విజయవాడలో ఒక అంగడికి పోయితిని. దగ్గరకు పోగానే మూత తనంతట తాను లేచినది. లోపల నీలిదీపము వెలిగినది. లేచి వచ్చినచో నీరు తానే పోసికొనును, దుర్వాసనను పీల్చు పంకా కలదు, చేత పట్టుకొను మీటల పలక కలదు అని అంగడివాడు చూపుచున్నాడు. ధర చెప్పినప్పుడు నాకు మా మోటారు సైకిలు జ్ఞప్తికి వచ్చినది, రెండు కొనవచ్చును.

ఇందులో రెండు తెగలు ఉన్నవి. ఒకటి, కమోడు, సీటు, యంత్రము అన్నియు ఏకఖండముగా వచ్చునది. దీనినే స్మార్ట్ టాయిలెట్ అనుచున్నారు. రెండవది, ఉన్న కమోడుకే బిగించుకొను సీటు. కొత్త ఇల్లు కట్టుకొనువారు మొదటిదానిని ఆలోచింపవచ్చును. చూచుటకు అందముగా ఉండును, తుడుచుట సులువు. కాని నా అభిప్రాయము రెండవదానివైపే. ఏకఖండపు దానిలో యంత్రము చెడిపోయిన నాడు కమోడే మూలబడినట్లగును. సీటైనచో విప్పి ప్రక్కన పెట్టి పాతది బిగించుకొందుము. తానై లేచు మూత మాటకు వచ్చినచో, నడుము వంగని వారికి అది నిజముగా మేలు. తక్కినవారికి చెడిపోవుటకు మరొక భాగము.

ఇంతవరకు నా తెలివి బాగుగనే పనిచేసినది. తరువాత కొలత తీసికొనకుండ సీటు కొని తెచ్చితిని. కమోడులన్నియు ఒకే ఆకారమున ఉండవు. కొన్నిటి ముందు భాగము గుండ్రము, కొన్నిటిది కోడిగ్రుడ్డువలె పొడవు, కొన్నిటిది చదరముగా వచ్చి ముందు వంపు తిరిగినది. వెనుక మేకులు బిగించు రెండు రంధ్రముల నడుమ దూరము, ఆ రంధ్రములనుండి ముందు అంచు వరకు పొడవు, మిక్కిలి వెడల్పైన చోట వెడల్పు, ఈ మూడును టేపుతో కొలిచి చీటీమీద వ్రాసికొని పోవలెను. మాది గుండ్రని కమోడు. నేను తెచ్చినది పొడవు సీటు. ముందుకు రెండంగుళములు పొడుచుకొని వచ్చినది. తిరిగి ఇచ్చితినిగాని, అట్టపెట్టె విప్పినందుకు అంగడివారు కొంత సొమ్ము పట్టుకొన్నారు. కమోడునే మార్చదలచినవారు ఇంకొక సంగతి చూడవలెను: మురుగుగొట్టము నేలలోనికి పోవుచున్నదా, గోడలోనికా, నేలలోనికైనచో గోడనుండి ఎంత దూరమున. ఆ కొలత తప్పినచో నేల పగులగొట్టవలసి వచ్చును.

రెండవ సీటు సరిగా అమరినది. మీట నొక్కగా నీరు చీమిడివలె కారినది. యంత్రము చెడ్డదని నేను కేకలు వేయబోవుచుండగా, బిగించుటకు వచ్చిన ప్లంబరు మేడమీదికి తీసికొనిపోయి నీళ్ళ ట్యాంకును చూపించినాడు. "బాబుగారూ, మీరుండేది పై అంతస్తు. ట్యాంకు మీ నెత్తిమీదే ఉంది. కింది వాటావాళ్ళకి దూకుతుంది గాని మీకెట్లా దూకుతుంది?" అన్నాడు. లెక్క చిన్నదే. నీటిమట్టము పది మీటర్ల ఎత్తున ఉన్నచో క్రింద కుళాయివద్ద ఒత్తిడి సుమారు ఒక బారు. మా ట్యాంకు సీటుకు మూడు మీటర్ల పైన. అనగా ఒత్తిడి బారులో మూడవ వంతైనను లేదు. ఈ సీట్లలో చాలవాటికి కనీసము బారులో సగమునకు పైగా కావలెనని వాని పుస్తకములోనే వ్రాసియున్నది, నేను చదువలేదు. తొట్టి లేకుండ గొట్టపు నీటితోనే కడుగుకొను ఏకఖండపు కమోడులకు ఇంకను ఎక్కువ కావలెను. చివరకు ఒత్తిడి పెంచు చిన్న మోటారు ఒకటి అమర్చినాము. పై అంతస్తువారు సీటుకంటె ముందు ఈ మాట విచారించుకొనవలెను.

ఆ ప్లంబరే ఇంకొక మాటయు చెప్పినాడు. సీటులోనికి పోయిన నీరు వెనుకకు మరలి ఇంటి గొట్టములలోనికి రాకుండ అడ్డు కవాటము ఉన్నదో లేదో చూడవలెను. మంచి సీట్లలో అది ఉండును, చౌకవాటిలో సందేహము. అదే గొట్టము వంటింటికి పోవుచుండును గదా.

విద్యుత్తు విషయములో మాత్రము నేను వెనుదీయక ఖర్చు పెట్టినాను. మీరును అట్లే చేయవలెనని కోరుచున్నాను. జపాను ఇండ్లలో స్నానపు గది వేరు, శౌచపు గది వేరు. రెండవదానిలో నేల ఎప్పుడును పొడిగా ఉండును. మన ఇండ్లలో రెండును ఒకటే. బకెట్టుతో స్నానము చేసి, చెంబుతో నేలయంతయు కడిగి, గోడలమీద కూడ నీరు చల్లుదుము. అట్టిచోట 230 వోల్టుల ప్లగ్గు పెట్టుచున్నామను ఎరుక ఉండవలెను. ప్లగ్గు నీరు చిందని ఎత్తున, మూతతో ఉండవలెను. ఎర్తు తీగ పేరునకు గాక నిజముగా భూమికి చేరియుండవలెను. కరెంటు ఏమాత్రము ప్రక్కకు పారినను తక్షణము ఆపివేయు 30 మిల్లీ ఆంపియర్ల రక్షక స్విచ్చి బోర్డులో ఉండవలెను. ఇది లేని ఇంటిలో ఈ సీటు వద్దే వద్దు.

అమెరికాలోని పిల్లలు పెట్టెలో పెట్టి తెచ్చు సీట్లను గూర్చియు చెప్పవలెను. 2020లో కరోనా భయమున అక్కడ అంగళ్ళలో కాగితపు చుట్టలు దొరకనప్పుడు ఈ సీట్ల అమ్మకము బాగుగా పెరిగినది. మనవారు చాలమంది అప్పుడే కొన్నారు. కాని అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, జపానులో 100. తిన్నగా మన ప్లగ్గులో పెట్టినచో ఒక్క క్షణమున కాలిపోవును. తగిన ట్రాన్స్‌ఫార్మరు పెట్టవలెనన్నచో అది బరువైనది, స్నానశాలలో ఉంచదగినది కాదు. ప్రేమతో తెచ్చినను వద్దనుటయే మేలు.

నీరు వేడిచేయు పద్ధతులు రెండు. లోపల చిన్న తొట్టిలో నీరు వేడిగా నిలువ ఉంచునది ఒకటి: దినమంతయు కొంచెము కరెంటు త్రాగుచుండును, ఒకరి తరువాత ఒకరు వెంటనే పోయినచో రెండవవారికి చల్లనీరే. అప్పటికప్పుడు వేడిచేయునది రెండవది: వేడి ఎడతెగక వచ్చును గాని ఆ కొద్దిసేపు వేయి వాట్లకు పైగా లాగును, సాధారణమైన ఇన్వర్టరు దానిని మోయలేదు. అయితే మన కోస్తా ఎండలలో వేడినీరు ఎంతవరకు అవసరమో ఆలోచింపుడు. మే మాసములో విజయవాడ మేడమీది ట్యాంకు నీరు చేయి పెట్టరానంత కాగియుండును. మా సీటులో వేడిచేయు యంత్రము ఉన్నదిగాని చల్లబరచు యంత్రము లేదు! మధ్యాహ్నము పూట కొన్ని నీళ్ళు వదలి, చేయి పెట్టి చూచిన తరువాతనే నాన్నగారిని కూర్చుండబెట్టుచుంటిమి. చేయి ఆడువారికి, వేడి అక్కరలేనివారికి, కరెంటు లేకుండ కేవలము మరతిప్పి వాడు సీటు చాలును. దాని ధర చాల తక్కువ.

నీటిధార మెత్తగా ఉండునట్లు మొదట తక్కువలో పెట్టుకొనవలెను. గట్టిధారతో చాలసేపు కడుగుటవలన చర్మము పొడిబారి దురదలు పుట్టును. సీటును వేడిచేయు సౌకర్యమును పక్షవాతపు రోగులకు, మధుమేహముతో స్పర్శ తగ్గినవారికి నేను ఆపివేసియే ఉంచుమందును. కొద్దిపాటి వేడియైనను ఒకేచోట చాలసేపు తగిలినచో చర్మము కాలును. స్పర్శ లేనివారికి అది తెలియదు.

బోరునీటి సంగతి అన్నిటికంటె మొండిది. త్రాగునీటిలో కఠినత్వము లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణము. వేరు దారి లేనిచోట 600 వరకు ఒప్పుదురు. బకెట్ల అడుగున, గీజరులోపల తెల్లని పెచ్చు కట్టు ఇండ్లలో అదే పెచ్చు సీటులోని సన్నని నాళములలోను కట్టును. మా సీటు ధార నాలుగు నెలలకే వంకర పోయినది. నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో మెత్తని బ్రష్షు ముంచి ముక్కును తోమగా చక్కబడినది. నీరు వచ్చు చోట ఉండు జల్లెడను నెలకొకమారు తీసి కడుగవలెను. వీలైనవారు సీటుకు కృష్ణనీటి గొట్టము కలుపుకొనుట మంచిది. మన ఇండ్లలో పాయిఖానా కడుగుటకు వాడు యాసిడ్డును మాత్రము సీటు దరిదాపులకు రానీయరాదు. ప్లాస్టికు పగిలి, దాని పొగ లోపలి తీగలను తినును. పనిమనిషికి ఈ మాట ముందుగా చెప్పవలెను. మేము చెప్పలేదు; మూత మీది మచ్చలు అందుకు సాక్ష్యము.

మీటలు ఏ వైపున ఉండవలెనన్నది అంగడిలో ఎవరును అడుగరు. చాల సీట్లకు మీటల పలక కూర్చున్నవారి కుడిప్రక్కనే అంటియుండును. నాన్నగారికి అది కలిసివచ్చినది. కుడిచేయి పడిపోయినవారికి అట్టి సీటు వృథా. వారు గోడకు ఎడమవైపున తగిలించుకొను విడి పలక ఉన్నదానిని అడిగి తీసికొనవలెను. అన్నిటికి ముందుగా, యంత్రము కొన్నను కొనకున్నను, కూర్చున్నచోటికి అందునట్లు గోడకు ఒక గట్టి ఉక్కు కడ్డీ బిగించుడు. మా ఇంటిలో పెట్టిన ఖర్చంతటిలో అతి తక్కువైనది అదే. నాన్నగారు ప్రతిదినము ముందుగా పట్టుకొనునదియు అదే.

పలకమీది బొమ్మలు మొదట ఎవరికిని అర్థము కాలేదు. జపానులోని కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కొక్క గుర్తు వాడగా పరదేశులు తికమకపడుచుండిరని, 2017 జనవరిలో అందరును కలిసి ఎనిమిది గుర్తులను ఒకటిగా నిర్ణయించుకొన్నారు. మా సీటు మీదివి వేరు గుర్తులు. మా అమ్మాయి చిన్న కాగితపు ముక్కలపై తెలుగులో వ్రాసి అంటించినది: శుద్ది, గాలి, ఆపు. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకొని చూచి, కలము తెమ్మని, కుడిచేతితో "ద్ది" క్రింద ఒత్తును దిద్ది "శుద్ధి" చేసినారు. "ఆపు" అన్నది అన్నిటికంటె పెద్దగా, ఎఱ్ఱసిరాతో ఉండవలెనని తిరిగి వ్రాయించినారు. ఆయన చెప్పినది నిజము. ఏ యంత్రమునకైన మొదట నేర్చుకొనవలసినది దానిని ఆపుట.

మరునాటి ఉదయము నన్ను గుమ్మమువద్దనే ఆపివేసి, కఱ్ఱ ఊతతో తానే లోపలికి పోయినారు. ఆరు నెలల తరువాత ఆ తలుపు లోపలి గడియ పడిన చప్పుడు విన్నాము. అమ్మయు నేనును నడవలో ఒకరి ముఖమొకరు చూచుకొనుచు నిలుచున్నాము. మీట నొక్కిన చప్పుడు, నీటి చప్పుడు, చాలసేపటికి గాలి చప్పుడు. ఆ గాలితో తడి పూర్తిగా ఆరుటకు రెండు మూడు నిముషములు పట్టును. తొందర ఉన్నవారికి తువాలే గతి. నాన్నగారికి తొందర లేదు. ఆ మధ్యాహ్నము రెండవమారు పెరుగన్నము అడిగినారు.

గడియను మాత్రము మరుసటి వారమే మార్పించినాము. పడిపోయినచో బయటినుండి నాణెముతో త్రిప్పి తెరచుటకు వీలగు గడియలు అంగళ్ళలో ఉన్నవి. ఆ సంగతి నాన్నగారికి ఇప్పటికిని చెప్పలేదు.